ఖాళీ రోజుల అద్దె ఎవరు కడతారు? విజయవాడలో చిన్న సంగీత హాలు నిలబెట్టుకోవడం గురించి

మొగల్రాజపురంలో దుకాణాల పైఅంతస్తులో 120 సీట్ల హాలు. మూడేళ్లుగా ప్రతి శుక్రవారం, శనివారం కచేరీ, టికెట్ 300 రూపాయలు. నెలకు లక్ష చేతి నుంచి పడుతోంది. పక్క అపార్ట్‌మెంటు వాళ్లు చప్పుడని గొడవ పెడుతున్నారు. టికెట్ ధర పెంచాలా, హైదరాబాద్ నుంచి పేరున్న గాయనిని పిలిపించాలా, తాళం వేసేయాలా అని మీరు ఉత్తరంలో అడిగారు.

ఈ మూడింటిలో ఏదీ ఇప్పుడే చేయకండి. ముందు సౌండ్ పెట్టెలు మోసి, ఆ తర్వాత గుంటూరులోనూ విజయవాడలోనూ హాళ్లు నడిపినవాణ్ణి. మీరు పంపిన ఖర్చుల చిట్టా చూస్తే మీ సమస్య కచేరీలలో లేదు, మిగతా ఇరవై రెండు రోజుల్లో ఉంది.

మీ లెక్కనే ఒకసారి తిరగవేద్దాం. అద్దె 75,000, కరెంటు 22,000, ఇద్దరి జీతాలు 34,000, శుభ్రం, మరమ్మతులు, చిల్లర ఖర్చులు 19,000. మొత్తం లక్షా యాభై వేలు. కళాకారులకు కచేరీకి 10,000 చొప్పున మరో 80,000. రాబడి వైపు చూస్తే సగటున 45 టికెట్లు, అంటే నెలకు 1,08,000. క్యాంటీన్‌లో మిగిలేది 22,000. తేడా సరిగ్గా లక్ష. ఇప్పుడు ప్రతి కచేరీకీ 70 టికెట్లు తెగాయనుకోండి. అప్పటికీ నెలకు 40,000 నష్టమే. ఎనిమిదికి ఎనిమిదీ నిండితే 80,000 మిగులుతుంది గానీ, నెలంతా నిండే హాలు నేనెక్కడా చూడలేదు. కచేరీలను ఎంత మెరుగుపరిచినా వాటి ఒక్కటి మీదే ఈ అద్దె గట్టెక్కదు.

నెల ఖర్చును ముప్పైతో భాగిస్తే రోజుకు 5,000. మీ హాలు తెరిచినా మూసినా అంత తింటుంది. మీరు దానితో పని చేయించుకుంటున్నది ఎనిమిది సాయంత్రాలు, అదీ మూడేసి గంటలు. విదేశాల్లో ఇలాంటి చిన్న వేదికలు చాలావరకు బార్ అమ్మకాల మీద బతుకుతాయి, టికెట్ డబ్బు కళాకారుడికి పోయినా వాటికి గడుస్తుంది. ఆ నమూనా చూసి ఇక్కడ హాలు పెట్టినవాళ్లందరూ ఈ ఒక్క సంగతి దగ్గరే బోల్తా పడ్డారు. మీ దగ్గరికి వచ్చేవాళ్లు పిల్లలతో, అత్తమామలతో వచ్చే మనుషులు. వాళ్లకు మీరు అమ్మగలిగింది టీ, పునుగులు. అవి మాత్రం బాగా అమ్మండి. విరామం పది నిమిషాలు ఇస్తున్నానన్నారు, ఇరవై చేయండి. పునుగులు విరామానికి ఐదు నిమిషాల ముందే నూనెలో పడితే వాసన మెట్ల దాకా వస్తుంది, అల్లం పచ్చడి ఉంటే రెండో ప్లేటు వాళ్లే అడుగుతారు. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ మీ పేరున లేకపోతే క్యాంటీన్ నడిపే ఆయన పేరునైనా ఉందో లేదో చూసుకోండి.

ఇక ఖాళీ గంటల సంగతి. విజయవాడ, గుంటూరుల్లో పెళ్లిళ్లకు, వినాయక చవితి పందిళ్లకు వాయించే ఆర్కెస్ట్రా బృందాలు చాలా ఉన్నాయి. వాళ్లలో చాలామందికి సాధన చేసుకోవడానికి చోటు లేదు. ఇంట్లో రిథమ్ ప్యాడ్ మోగిస్తే కింది వాటా వాళ్లు ఊరుకోరు. గంటకు 400 చొప్పున, రోజుకు మూడు గంటలు, నెలకు ఇరవై రోజులు ఇస్తే 24,000. సోమవారం నుంచి గురువారం వరకు సాయంత్రాలు కీబోర్డు మాస్టారికి ఒకరికి, కూచిపూడి టీచరుగారికి ఒకరికి నెలకు 12,000 చొప్పున ఇస్తే మరో 24,000. ఆదివారం పొద్దుటి పూట ఈ ఊళ్లో పుస్తకావిష్కరణలకు, సంతాప సభలకు, రిటైర్మెంట్ సన్మానాలకు హాలు దొరకడమే కష్టం. పెద్ద ఆడిటోరియం తీసుకుంటే అరవై మంది జనం ఓ మూలకు పోయి సభ వెలవెలబోతుంది. 120 సీట్లంటే సరిగ్గా సరిపోతుంది. నాలుగు ఆదివారాలకు 5,000 చొప్పున 20,000. సంగీతం టీచర్లు ఏడాదికోసారి పిల్లల చేత పాడించే కార్యక్రమాలు నెలకు రెండు పట్టండి, 8,000 చొప్పున 16,000. మొత్తం 84,000. అదనపు కరెంటు, ఊడ్పు ఖర్చు పోను 70,000 నికరంగా నిలుస్తుందనుకోవచ్చు.

పిల్లల కార్యక్రమాన్ని చిన్నచూపు చూడకండి. ముప్పై మంది పిల్లలుంటే తల్లిదండ్రులు, తాతయ్యలు, నాయనమ్మలు కలిసి హాలు కిక్కిరిసిపోతుంది. మీ మెట్లు ఎప్పుడూ ఎక్కని వంద మంది ఆ రోజు ఎక్కుతారు. వచ్చే నెల కచేరీల కాగితం ప్రతి కుర్చీ మీదా పెట్టి ఉంచండి. ఇలాంటి పనులకు హాలు ఇస్తే సంగీత వేదిక అన్న పరువు పోతుందని మీరు రాశారు. పరువు సంగతి శనివారం రాత్రి చూసుకోవచ్చు, మంగళవారం సాయంత్రానికి ఆ బెంగ అక్కర్లేదు.

శుక్రవారాల గురించి. మీ 45 సగటు వెనక అసలు కథ దాక్కుని ఉంది. శనివారం 70, శుక్రవారం 20 అని కింద ఎక్కడో ఒక ముక్క రాశారు. ఇరవై టికెట్లంటే 6,000. కళాకారుడికి ఇచ్చేది 10,000. అంటే శుక్రవారం తలుపు తీసిన ప్రతిసారీ అద్దె సంగతి అటుంచి, 4,000 ఎదురు కడుతున్నారు. నెలలో రెండు శుక్రవారాలు కచేరీ ఆపేసి హాలు అద్దెకివ్వండి. మిగతా రెండు కొత్తవాళ్లకు, లేదా పద్యానికి ఇవ్వండి. నవ్వకండి. తెనాలి, గుంటూరు చుట్టుపక్కల హార్మోనియం మీద పద్యం అందుకుంటే వన్స్ మోర్ అని కేక వేసే జనం ఇంకా ఉన్నారు. వాళ్లు డబ్బిచ్చి వింటారు, మైకు బాగా లేకపోతే తిడతారు కూడా.

పారితోషికం అందరికీ ఒకే 10,000 అనే పద్ధతి మార్చండి. కనీసం 6,000, లేదా గేటు వసూలులో సగం, ఏది ఎక్కువైతే అది. శనివారం 70 టికెట్లు తెగితే కళాకారుడికి 10,500 వస్తుంది, ఇప్పటికన్నా ఎక్కువే. వంద తెగితే 15,000. అప్పుడు తన కచేరీ సంగతి తన వాట్సాప్ గ్రూపుల్లో తనే పెట్టుకుంటాడు. ఇప్పుడు హాలు నిండినా ఎండినా అతనికి ఒకటే, ప్రచారం చేయకపోవడంలో తప్పేముంది? వసూలు లెక్క మాత్రం అదే రాత్రి, తెగిన టికెట్ల పుస్తకం ముందు పెట్టి చూపించండి. ఒకసారి అనుమానం వచ్చిందంటే ఊళ్లో ఉన్న కళాకారులందరికీ తెల్లారేసరికి పాకిపోతుంది.

ఇక పాసులు. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఇదే: "హాలు చూడటానికి ఎనభై మంది ఉన్నట్టే ఉంటుంది." టికెట్లు 45, మనుషులు 80. మిగతా 35 మంది ఎవరు? కళాకారుడి బావమరిది, బిల్డింగు యజమాని కుటుంబం, కార్పొరేటర్ తాలూకు, స్టేషన్ తాలూకు, విలేకరి, కరెంటు ఆఫీసు ఆయన, పోయిన నెల వచ్చి మీతో సెల్ఫీ దిగినాయన. ఇందులో పిసినారితనం లేదు, అలవాటు ఉంది. 1948 డిసెంబరులో ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైనప్పటి నుంచి ఈ ఊరికి మంచి సంగీతం రేడియోలో పొద్దున్నే, టికెట్ లేకుండా వచ్చింది. బాలమురళీకృష్ణ గారి భక్తిరంజని విని పెరిగిన ఇళ్లివి. గుళ్లలో, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో, సద్గురు త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో ఎంతటి విద్వాంసుడైనా ఉచితమే. సినిమాకు టికెట్ కొనని మనిషి ఉండడు, కచేరీకి కొనాలన్న ఊహే చాలామందికి రాదు. కాబట్టి పాసు అడిగినవాళ్ల మీద కోపం తెచ్చుకోకుండా పాసు అనే వస్తువునే లేకుండా చేయండి.

నేను చేసే పద్ధతి చెబుతాను. గేటు దగ్గర బల్ల మీద సీట్ల పటం లామినేషన్ చేయించి పెడతాం. ప్రతి సీటుకూ నంబరు. డబ్బు కట్టిన సీటు మీద స్కెచ్ పెన్నుతో పేరు రాస్తాం. కళాకారుడికి నాలుగు సీట్లు, అవి ముందే అతని పేరున రాసి ఉంటాయి. ఐదోవాడు వస్తే టికెట్ కొనాల్సిందే, లేదా కళాకారుడి వాటాలోంచి కోత. ఇక కాదనలేని మనుషులు ఎలాగూ ఉంటారు. వాళ్లకు పాసు ఇవ్వకండి, హాలు తరఫున మీరే టికెట్ కొనండి. "మీ టికెట్ మేం తీసి ఉంచామండీ" అని 300 రూపాయలు ముద్ర వేసిన టికెట్టే చేతిలో పెట్టండి, ఆ 300 అతిథుల ఖర్చు కింద చిట్టాలో రాయండి. నెలాఖరుకు ఆ పద్దు చూస్తే మీకే గుండె ఆగుతుంది, మరుసటి నెల సగానికి తగ్గుతుంది. వచ్చినాయనకూ తను ఉచితంగా కూర్చోలేదని, ఎవరో కట్టారని తెలుస్తుంది. కొందరు రెండోసారి వాళ్లే కొంటారు. అలిగి రాకుండా పోయేవాళ్లూ ఉంటారు, పోనివ్వండి. 35 మందిలో పదిమంది కొన్నా కచేరీకి 3,000 వచ్చినట్టే.

టికెట్ ధర 300 అలాగే ఉంచండి. ముందు రెండు వరుసలు 500 చేయండి, వెనక వరుసలో విద్యార్థులకు 150. 500 దాటించవద్దు, ఎందుకో జీఎస్టీ దగ్గర చెబుతాను. దీనితో పాటు ఏడాది సభ్యత్వం పెట్టండి. సభలకు చందా కట్టడం మన పెద్దవాళ్లకు తెలిసిన పద్ధతే. ఏడాదికి 3,000, నెలకో కచేరీ, సీటు మీద పేరు. వందమంది చేరితే మూడు లక్షలు. అయితే ఆ మూడు లక్షలూ వచ్చిన నెలలోనే పాత బాకీలకు పోతే మిగతా పదకొండు నెలలు ఉచితంగా పాడించినట్టే. వేరే ఖాతాలో వేసి నెలకు 25,000 మాత్రమే తీసుకోండి.

కార్యక్రమాల క్యాలెండర్ వేసేటప్పుడు పంచాంగం పక్కన పెట్టుకోండి. మన వాద్యకారుల బతుకు ముహూర్తాల మీద నడుస్తుంది. మాఘంలో, వైశాఖంలో, శ్రావణంలో మంచి కీబోర్డు ప్లేయరును మీ డబ్బుకు పిలవలేరు, పిలిచినా ఆఖరి నిమిషంలో పెళ్లికి పోతాడు. అదే ఆషాఢంలో, పుష్యంలో, మూఢం రోజుల్లో, పితృపక్షంలో వాళ్లు ఖాళీ. నగరంలోని అత్యుత్తమ వాద్యబృందం మీకు దొరికేది అప్పుడే. మీ పెద్ద కార్యక్రమాలు ఆ నెలల్లో పెట్టండి. ఇంకో సంగతి, ఇక్కడి డ్రమ్మర్లలో, బేస్ గిటార్ వాయించేవాళ్లలో చాలామంది చర్చిలో వాయిస్తూ చేయి తిరిగినవాళ్లు. ఆదివారం పొద్దున వాళ్లను రిహార్సల్‌కు పిలవకండి, డిసెంబరు మీద ఆశ పెట్టుకోకండి. బదులుగా అక్టోబరు, నవంబరుల్లో వాళ్ల క్రిస్మస్ పాటల వీడియోలు తీసుకోవడానికి మీ హాలు అద్దెకు తీసుకోమని అడగండి. దసరా పది రోజులు ఇంద్రకీలాద్రి చుట్టూ ట్రాఫిక్ మళ్లింపులుంటాయి, హాలు మూసి రంగులు వేయించుకోండి. సంక్రాంతికి ఊరు ఖాళీ.

ఎప్పుడూ నిండే తేదీలు కొన్ని ఉన్నాయి. ఘంటసాల గారి జయంతి డిసెంబరు 4, వర్ధంతి ఫిబ్రవరి 11. బాలు గారి జయంతి జూన్ 4, వర్ధంతి సెప్టెంబరు 25. ఆ వారాల్లో ప్రతి కళాసమితీ ఉచితంగా పెడుతుంది కాబట్టి సరిగ్గా ఆ రోజునే పెట్టకుండా తర్వాతి శనివారానికి జరపండి. ఉచిత సభలో మైకు గీపెట్టడం, అరగంట జ్యోతి ప్రజ్వలన, గంట సన్మానాలు భరించినవాడే మీ దగ్గరికి డబ్బిచ్చి వస్తాడు. మీ దగ్గర ఉపన్యాసం ఉండకూడదు. ఆరున్నర అంటే ఆరున్నరకు పాట మొదలవ్వాలి. మీరు అమ్ముతున్నది అదే.

చప్పుడు గొడవ. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45. మూసిన హాలు లోపల వాడే స్పీకర్లకు రాత్రి నిషేధం వర్తించదని మీరు చెప్పింది నిజమే. కానీ మీ హాలు సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంత పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటకూడదన్న నియమం మాత్రం వర్తిస్తుంది. డ్రమ్స్ మోగుతుండగా పది తర్వాత దాన్ని అందుకోవడం మీ గోడలతో అసాధ్యం. తొమ్మిదికి ముగించండి. గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించానని రాశారు, పీకేయండి. అవి శబ్దాన్ని ఆపవు, నిప్పంటుకుంటే క్షణాల్లో మండుతాయి, అగ్నిమాపక శాఖ వాళ్లు చూస్తే మరో గొడవ. తెరలు, నురుగు పలకలు లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తాయి గానీ బయటికి పోయేదాన్ని ఆపవు. బయటికి పోయేదాన్ని ఆపేది గోడ బరువు, పొరల మధ్య ఖాళీ, సందుల్లేని బిగింపు. అపార్ట్‌మెంటు వైపు గోడ ఒక్కదానికే చట్రం కట్టించి, మధ్యలో రాక్‌వూల్ అనే రాతి ఉన్ని నింపి, పైన జిప్సం పలకలు రెండు పొరలు బిగించండి. అంతకంటే ముందు తలుపు కింద వేలు దూరే సందు ఉందేమో చూడండి. ఆ సందు వదిలేసి గోడకు లక్ష పెట్టినా దండగ. తలుపు చుట్టూ రబ్బరు పట్టీ, ఏసీ పైపు దూరిన కన్నానికి పుట్టీ, ఇవి వేల రూపాయల పనులు. బేస్ పెట్టెలను నేల మీద కాకుండా రబ్బరు దిమ్మెల మీద పెట్టండి. అపార్ట్‌మెంటు సంఘం అధ్యక్షుడికి మీ ఫోన్ నంబరు ఇవ్వండి. ఎక్కువైతే మీకు ఫోను రావాలి, స్టేషన్‌కు కాదు.

లైసెన్సులు క్లుప్తంగా. సినిమా పాటలు వేదిక మీద పాడితే స్వరకర్తల, రచయితల హక్కులకు ఐపీఆర్‌ఎస్ (ఆ హక్కులు చూసే సంస్థ) అనుమతి కావాలి. విరామంలో రికార్డు పాటలు వేస్తే సౌండ్ రికార్డింగు హక్కుదారుల అనుమతి వేరే. పెళ్లి వేడుకలకు చట్టంలో ఉన్న మినహాయింపు టికెట్ కచేరీకి రాదు. పాత పాటలకు ఏమీ అక్కర్లేదన్న మాట నమ్మకండి. మన చట్టంలో హక్కు కర్త మరణించాక అరవై ఏళ్లు ఉంటుంది. ఘంటసాల గారు 1974లో పోయారు కాబట్టి ఆయన స్వరపరచిన పాటలకు 2034 చివరి దాకా వర్తిస్తుంది. త్యాగరాజ కీర్తనకు ఆ బెడద లేదు.

జీఎస్టీలో ఒక ఉచ్చు ఉంది. సంగీత కార్యక్రమం ప్రవేశ రుసుము మనిషికి 500 దాటకపోతే పన్ను మినహాయింపు. దాటితే పైన ఉన్న రూపాయికే కాదు, మొత్తానికీ 18 శాతం. శాస్త్రీయ, జానపద కళాకారుల పారితోషికానికి లక్షన్నర దాకా వేరే మినహాయింపు ఉంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ నేను చెప్పినట్టు హాలు అద్దెకివ్వడం మొదలుపెడితే అది పన్ను వేయదగ్గ సేవ. సేవలకు రిజిస్ట్రేషన్ హద్దు 20 లక్షలు లెక్కించేటప్పుడు మినహాయింపు ఉన్న టికెట్ డబ్బును కూడా కలుపుతారు. మీ టికెట్లు ఏడాదికి దాదాపు 13 లక్షలు, అద్దెలు 10 లక్షలు, క్యాంటీన్ కాకుండానే హద్దు దాటారు. అప్పుడు అద్దెల మీద 18 శాతం కట్టాలి. కాబట్టి అద్దె చెప్పేటప్పుడే పన్ను అదనం అని చెప్పండి, ముందే ఆడిటర్‌ను కలవండి. ఏడాది చివర తెలిస్తే ఆ పన్ను మీ జేబులోంచే పోతుంది.

యజమానితో మాట్లాడే రోజు ఈ కొత్త లెక్కలన్నీ కాగితం మీద పెట్టుకుని వెళ్లండి. తగ్గించమని బతిమాలొద్దు. 75,000 బదులు 60,000 స్థిరంగా, దాని మీద హాలు అద్దెల రాబడిలో ఐదో వంతు అని అడగండి. హాలు బాగా నడిస్తే ఆయనకు ఇప్పటికన్నా ఎక్కువ వస్తుంది, నడవకపోతే మీ మెడకు ఉరి కొంత వదులవుతుంది. గోడకు డబ్బు పెట్టే ముందు మాత్రం పదకొండు నెలల కాగితం మీద ఆధారపడకండి. కనీసం మూడేళ్ల లీజు రాయించి రిజిస్టర్ చేయించండి. మీరు గోడ బాగు చేయించాక అదే హాలు కోచింగ్ సెంటర్‌కు ఎక్కువ అద్దెకు నచ్చుతుంది.

హైదరాబాద్ గాయని సంగతి చివరికి వదిలాను, ఎందుకంటే చెప్పేది తక్కువ. ఆమె పారితోషికం, నలుగురు వాద్యకారుల రైలు చార్జీలు, లాడ్జి కలిపితే 120 సీట్లలో ఏ ధరకూ గిట్టదు. పెద్ద హాలు తీసుకుని పెడితే అది వేరే వ్యాపారం, వచ్చిన జనం ఆమె జనం. మరుసటి శనివారం వాళ్లు మీ మెట్లు ఎక్కరు.

ఇవన్నీ వచ్చే ఆషాఢం దాకా చేసి చూడండి. అప్పటికీ నెలకు 30,000 పైన నష్టం వస్తుంటే, అడ్వాన్సులో మూడు నెలల అద్దె మిగిలి ఉండగానే నోటీసు ఇచ్చేయండి. సభ్యుల డబ్బు తిరిగి ఇవ్వడానికి ఆ ఖాతా ఎలాగూ ఉంటుంది. ఇంట్లో బంగారం మాత్రం ముట్టుకోకండి.

ఒకటి అడగడం మరిచాను. కరెంటు 22,000 నాకు ఎక్కువ అనిపిస్తోంది. బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు, అంటే కరెంటు సంస్థతో ఒప్పుకున్న లోడు, ఎన్ని కిలోవాట్లు ఉందో చూసి చెప్పండి. మీకు ముందున్న అద్దెదారు బట్టల షోరూమ్ అన్నారు కదా, అతని లోడు మీద స్థిర చార్జీలు ఇంకా మీరే కడుతూ ఉండవచ్చు.